వినికిడి సాక్ష్యం (ఇంగ్లండ్, వేల్స్)

కోర్టుకు రాని వ్యక్తి అన్న మాటను, అందులోని విషయం నిజమని నిరూపించడానికి ఇంకొకరు చెప్పడం వినికిడి సాక్ష్యం. ఇంగ్లండ్, వేల్స్ కోర్టులు చాలాకాలం దీన్ని అంగీకరించలేదు. ఎందుకంటే అన్నవారు ప్రమాణం చేయరు, వారిని అడ్డప్రశ్నలు వేసి పరీక్షించే వీలుండదు. ఈ లోటుకు పేరుమోసిన ఉదాహరణ 1603లో వించెస్టర్‌లో జరిగిన వాల్టర్ రాలీ రాజద్రోహ విచారణ. ప్రధాన ఆధారం సహనిందితుడైన లార్డ్ కోబమ్ వాంగ్మూలమే. అతణ్ణి ఎదుటికి రప్పించమని రాలీ పట్టుబట్టినా న్యాయమూర్తులు ఒప్పుకోలేదు, జ్యూరీ అతణ్ణి దోషిగా తేల్చింది. నేటి కొలతల్లో అది న్యాయమైన విచారణ కాదు.

కాలక్రమంలో మినహాయింపులు పెరిగి నియమం చిక్కుముడిగా మారింది. సివిల్ దావాల్లో 1995 చట్టం ఈ నిషేధాన్ని తీసేసింది. అలాంటి సాక్ష్యానికి ఎంత విలువ ఇవ్వాలో జడ్జి తేలుస్తారు. క్రిమినల్ కేసుల్లో నిషేధం ఇంకా ఉంది. అయితే సాక్షి మరణించినా, జాడ తెలియకపోయినా, భయంతో సాక్ష్యం చెప్పలేకపోయినా, న్యాయ ప్రయోజనం కోరినా 2003 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం వినికిడి సాక్ష్యాన్ని అనుమతించే వీలు కల్పించింది. భయమే కారణమైతే మాత్రం కోర్టు అనుమతి తప్పనిసరి. స్కాట్లండ్‌కు వేరే చట్టాలున్నాయి.

ఇంగ్లిష్ సాక్ష్య సూత్రాలను ఆధారం చేసుకుని జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన 1872 నాటి భారత సాక్ష్య చట్టం తెలుగు ప్రాంతాల కోర్టుల్లోనూ అమలైంది. 2024 జూలై 1న భారతీయ సాక్ష్య అధినియం దాని స్థానంలోకి వచ్చింది.