కొవిడ్ అనంతర పునరావాస చికిత్స

కొవిడ్‌తో ఆసుపత్రిపాలై ప్రాణాలతో బయటపడినవారు మళ్లీ సొంతంగా నడవడానికి, తినడానికి, పనిలోకి వెళ్లడానికి అందించే వైద్యసాయమే పునరావాస చికిత్స. ఐసీయూలో రోజుల తరబడి వెంటిలేటర్‌పై ఉన్నవారికి దీని అవసరం ఎక్కువ.

వీరి నీరసానికి వైరస్ ఒక్కటే కారణం కాదు. కదలిక లేకపోవడం, మత్తుమందులు, స్టెరాయిడ్లు అన్నీ కలిసి కండను కరిగిస్తాయి. ఐసీయూ రోగుల తొడ కండరం పది రోజుల్లోనే సుమారు 18 శాతం తగ్గినట్లు బ్రిటన్‌లో 2013 నాటి అధ్యయనంలో తేలింది. గొంతులో గొట్టం వేయడం వల్ల మాట బొంగురుపోతుంది, మింగేటప్పుడు పొలమారుతుంది. గంటల కొద్దీ బోర్లా పడుకోబెట్టడంతో కొందరికి భుజం నరాలు దెబ్బతిన్నాయి. మతిమరుపు, పీడకలలు, దిగులు సరేసరి. నిజానికి ఇవేవీ కొత్త బాధలు కావు. తీవ్ర శ్వాసకోశ వైఫల్యం నుంచి కోలుకున్నవారిలో దాదాపు సగం మందే ఏడాది తర్వాత ఉద్యోగంలో ఉన్నారని కెనడా వైద్యులు 2003లోనే చెప్పారు. అప్పట్లో అది ఐసీయూ నిపుణుల మధ్యే ఉండిపోయింది.

చికిత్స ఐసీయూ మంచం మీదే మొదలవ్వాలి. కాళ్లూ చేతులూ ఆడించడం, కూర్చోబెట్టడం, పట్టుకుని నిలబెట్టడం ఒక వరుస. గొట్టం తీశాక అనుమానం ఉన్నవారికి స్పీచ్ థెరపిస్ట్ మింగుడు పరీక్ష చేశాకే నోటితో ఆహారం ఇవ్వాలి. ఇంటికి వెళ్లాక మాత్రం ‘బాగా నడిస్తే బలమొస్తుంది’ అన్న సలహా అందరికీ పనికిరాదు. శ్రమ చేసిన మర్నాడు మరింత కుంగిపోయేవారు పనిని కొంచెం కొంచెంగా చేసుకుంటూ మధ్యమధ్యలో విశ్రాంతి తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. నడకలో ఆక్సిజన్ పడిపోతోందేమో చూసుకోవడమూ ముఖ్యమే.

ఇలాంటి పునరావాస చికిత్స కోసమే ఇంగ్లండ్‌లో 2020 మే నెలలో సర్రేలో ప్రత్యేకంగా సీకోల్ సెంటర్ తెరిచారు. 2021లో భారతదేశానికి మరో అవసరం వచ్చిపడింది: కొవిడ్ రోగుల ముక్కు, దవడ, కంటికి సోకిన బ్లాక్ ఫంగస్. హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి తెలంగాణలో దీని చికిత్సకు ప్రధాన కేంద్రమైంది. పైదవడ, కన్ను తొలగించాల్సి వచ్చినవారికి ఫంగస్ పోవడంతో కథ ముగియదు. అంగిలిలో రంధ్రం ఉంటే తిన్నది ముక్కులోకి వస్తుంది, మాట స్పష్టత పోతుంది. దాన్ని మూసే కృత్రిమ అంగిలిని దంతవైద్యులు అమరుస్తారు. గాయం మానేకొద్దీ అది వదులవుతుంది కనుక సరిచేయించుకోవడానికి రోగి మళ్లీ మళ్లీ రావాలి.