మొగిలి ఘాట్‌లో పద్మిని

తెల్లవారి ఐదున్నర. మార్చి వచ్చినా పలమనేరులో ఈ వేళకు చెవులు చల్లబడతాయి. సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైన ఉన్న ఊరు మరి. రేకుల షెడ్డులో కారు సొంతదారు అన్న దాని మీది పట్ట తీస్తున్నాడు. ముందు గుండ్రటి దీపాలు రెండూ బయటపడ్డాయి, తర్వాత వాటి మధ్య జాలీ, చివరికి వెనకవైపు కోసుగా లేచిన బుల్లి రెక్కలు. 1982 నాటి ప్రీమియర్ పద్మిని. వాళ్ల నాయన కొన్నది. పద్మిని అన్న పేరు కాగితాల మీదే. ఈ వీధిలో ఎవరినడిగినా ఫియట్ కారనే అంటారు.

"కూచో సామీ. తలుపు గట్టిగా కొట్టొద్దు, మెల్లగా ఏస్తే అదే పడతాది."

నిజంగానే పడింది. ముందు సీటు బెంచీలా ఒకటే పలక. గేరు కాళ్ల దగ్గర కాదు, స్టీరింగ్ పక్కన కొమ్మలా ఉంది. అందుకే ముందు సీట్లో ముగ్గురు పట్టేవాళ్లు. అన్న చోక్ లాగి తాళం తిప్పాడు. ఒకసారి దగ్గింది. రెండోసారి అందుకుంది. వెంటనే యాక్సిలరేటర్ తొక్కలేదు. చోక్‌ను అరంగుళం లోపలికి నెట్టి చెవి ఒగ్గాడు. ఇంకో అరంగుళం. నాలుగు సిలిండర్లూ ఒకే దరువులో పడ్డాక గానీ చెయ్యి గేరు మీదికి పోలేదు. 1089 సీసీ ఇంజిన్. ప్రతి పొద్దూ దాన్ని ఇలాగే పలకరించి లేపాలి. నాకు ఈ కారు మీద ప్రేమ పుట్టింది ఆ పలకరింపు చూసే.

ఊరు దాటి చిత్తూరు దిక్కుగా తిరిగాం. ఇది పాత నాలుగో నంబరు జాతీయ రహదారి. ముంబై పక్కన ఠాణేలో మొదలై పుణె, బెంగళూరు, కోలారు, పలమనేరు, చిత్తూరు మీదుగా చెన్నై చేరేది. ఇప్పుడు నాలుగు వరసలైంది, నంబరూ మారింది. ఒక్కసారి ఆ రోడ్డు రెండు కొసలూ తలచుకోండి. ఆ కొసన బొంబాయి కుర్లాలో ఫియట్లు తయారైతే, ఈ కొసన మద్రాసు శివార్లలో స్టాండర్డ్ హెరాల్డ్‌లు తయారయ్యేవి. కలకత్తా వైపు నుంచి వచ్చే అంబాసిడర్ పెద్దది. లైసెన్సుల కాలంలో దేశానికి దొరికిన చిన్న కార్లు రెంటికీ పుట్టిళ్లు ఈ దారి కొసల్లోనే ఉన్నాయి. నడుమ పలమనేరు.

పేరు సంగతి ఇంకా ముచ్చటైనది. రాజస్థాన్‌లోని చిత్తోడ్ రాణి పద్మిని పేరు పెట్టారు దీనికి. ఆ చిత్తోడ్ పద్మిని ఇప్పుడు మన చిత్తూరు రోడ్డున పోతా ఉంది.

మొగిలి ఘాట్ మొదలైంది. అన్న మలుపుకు ముందే గేరు తగ్గించాడు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. దిగుడంతా బ్రేకు తొక్కుతూ పోతే డ్రమ్ములు కాగి పట్టు వదిలేస్తాయి. ప్రమాదాలకు పేరుపడ్డ దారి ఇది. బండిని ఇంజిన్ పట్టుమీదే దించాలి.

"ఎక్కేదానికి ఏ గేరో, దిగేదానికీ అదే గేరు. మా నాయన మాట."

కిటికీ అద్దానికి ముందు మూడు మూలల చిన్న అద్దం ఒకటుంది. దాని చిలుకు తీసి బయటికి తిప్పితే గాలి సూటిగా వచ్చి మెడకు తగులుతుంది. ఏసీ కార్లలో తిరిగిన ఒళ్లు కూడా ఆ గాలికి హాయిగా సర్దుకుంటుంది. ఇంత చక్కటి ఏర్పాటును కార్ల నుంచి ఎందుకు తీసేశారో నాకు ఇప్పటికీ బాధే.

ఘాట్ దిగి, మొగిలి గుడిలో మొగిలీశ్వరుడికి దండం పెట్టుకుని, టీ కొట్టు దగ్గర ఆగాం. పక్కన గోనెల మీద చింతపండు ఎండబోశారు. ఇడ్లీ తింటూ అన్న కథ ఎత్తుకున్నాడు. విశాఖలో ఓడల కార్ఖానాకు 1941లో పునాది వేయించిన వాల్‌చంద్ హీరాచంద్, అంతకు ఏడాది ముందు బెంగళూరులో విమానాల ఫ్యాక్టరీ మొదలుపెట్టినవాడు, 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించాడు. ఇటలీలో 1953లో వచ్చిన కొత్త ఫియట్ 1100 మరుసటి ఏడాదే మన దేశానికి చేరింది. 1964లో వచ్చిన డిలైట్ మోడలే మనం ఎక్కి వచ్చిన ఈ ఆకారం. 1970ల మొదట్లో ఫియట్ పేరు పోయి కొన్నాళ్లు ప్రెసిడెంట్ అయింది, 1974 నుంచి పద్మిని.

"ప్రధానమంత్రి శాస్త్రిగారు కొనిందీ ఇదే కారు, సామీ. 12,000 ధర. ఇంట్లో 7,000 ఉంటే, బ్యాంకులో 5,000 అప్పు చేసినాడంట."

ఆ అప్పు తీరకుండానే ఆయన పోతే, భార్య లలితాశాస్త్రి పింఛను డబ్బుల్లోంచి కట్టారు. ఈ మాట చెప్పేటప్పుడు అన్న ప్లేటు కింద పెట్టేశాడు. వాళ్ల నాయన కూడా దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసి, అప్పు చేసి తెచ్చిన బండి ఇది.

తిరుగు ప్రయాణానికి ఎండ ముదిరింది. ఘాట్ ఎక్కుతుంటే ముందు బరువు లారీ ఒకటి. రెండో గేరు. ఇంజిన్ వేడి కాళ్లకు తగులుతోంది. సగం ఎక్కాక బండి రెండుసార్లు కుదిపి, ఊపిరి ఆగినట్టు ఆగిపోయింది. అన్న దాన్ని వారకు చేర్చి హ్యాండ్‌బ్రేకు లాగాడు. నేను దిగి చక్రం వెనక రాయి పెట్టాను.

బానెట్ ఎత్తాడు. పెట్రోలు పంపు ఇంజిన్‌ను అంటుకునే ఉంటుంది. ఇంజిన్ బాగా కాగితే పంపులో, గొట్టంలో పెట్రోలు ఆవిరై, కార్బురేటర్‌కు చుక్క అందదు. ఆ ఆవిరి చల్లబడి మళ్లీ పెట్రోలైతే సరి. అన్న భుజం మీది తువ్వాలు నీళ్లలో ముంచి, పిండకుండా మడిచి, పంపు మీద కప్పాడు. చుయ్‌మంది. నీళ్లు గుక్కెడు గుక్కెడు పోస్తూ నిలబడ్డాడు. జ్వరం బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ వేసేటప్పుడు తల్లి చేతిలో ఉండే నిదానం అది.

ఈ వైద్యం తెలిసిన మేస్త్రీలు ఒకప్పుడు ఈ దారి పొడుగునా ఉండేవాళ్లు. ఉప్పు కాగితంతో నిప్పురవ్వ కొట్టించే సీబీ పాయింటు గీకి, నోటితో ఊది బండి నడిపించేవాళ్లు. 2000 ప్రాంతంలో పద్మిని తయారీ ఆగింది. ముంబై నలుపు పసుపు ట్యాక్సీల్లో చివరి పద్మినులూ 2023 అక్టోబరుతో రోడ్డు దిగాయి. సామాన్లు దొరకడం కష్టమైపోయింది. అయినా అన్న దీన్ని అమ్మడు. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో పుంగనూరు పొట్టి ఆవుల్ని ఎంత పట్టుదలగా కాపాడుకొస్తున్నారో చూసిన ఊరివాడు. ఆ ఆవుకూ ఈ బండికీ పోలిక ఉంది. ఒళ్లు చిన్నది, మేత తక్కువ, పని మానదు.

పావుగంట గడిచింది. తాళం తిప్పితే మూడోసారికి అందుకుంది. రాయి తీసి పక్కన పెట్టాం, వెనక వచ్చే బళ్లకు అడ్డం కాకుండా. మళ్లీ రెండో గేరు. ఒక్కో మలుపూ తిరుగుతుంటే లోయ కిందికి దిగిపోతోంది. ఇంజిన్ దరువు ఎక్కడా తప్పలేదు. పైకి చేరగానే చల్లగాలి మూడు మూలల అద్దంలోంచి దూసుకొచ్చింది.

షెడ్డు ముందు బండి ఆపి అన్న బానెట్ ఎత్తాడు. పంపు మీది తువ్వాలు అప్పడంలా ఎండిపోయి ఉంది. తీసి, రెండుసార్లు దులిపి, మళ్లీ భుజాన వేసుకున్నాడు.