ఏనుగు దానము, శ్రమణుని నిరాకరణ

2022 నవంబరు 30వ తేదీ ఉదయం పుదుచ్చేరి మణకుళ వినాయగర్ ఆలయపు ఏనుగు లక్ష్మి నడుస్తూ నడుస్తూ వీథిలోనే కుప్పకూలి మరణించింది. దాని వయస్సు 32 ఏండ్లని పత్రికలు వ్రాశాయి. వేలాది జనం కన్నీటితో సాగనంపారు. ఆ దుఃఖం నిజమైనదే. నాణెం అందుకొని తొండంతో శిరస్సును తాకి దీవించే ఆ ఏనుగును ఎరుగని బాలలు ఆ పట్టణంలో అరుదు. అయితే ఆడ ఏనుగు అడవిలో తల్లితో, అక్కచెల్లెళ్లతో జీవితాంతం మందగా మెలిగే జంతువు. కాళ్లకు వెండి అందెలు పెట్టినా ఆ మంద లేని లోటు తీరదు.

దీఘనికాయంలోని బ్రహ్మజాల సుత్తం శ్రమణ గౌతముడు స్వీకరించని వస్తువులను వరుసగా చెబుతుంది. ఏనుగులు, గోవులు, గుర్రాలు అందులో ఉన్నాయి. దీనిని కేవలం జీవకారుణ్యంగా చదవడం తొందరపాటే. అదే వరుసలో వెండి బంగారాలు, పొలాలు, పచ్చి ధాన్యం కూడా ఉన్నాయి గనుక అక్కడి ప్రధాన కారణం అపరిగ్రహమే. కారుణ్యపు కారణం వెదకవలసినది మాతిపోసక జాతకంలో. కాశీరాజు పట్టి తెప్పించిన శ్వేతగజం అక్కడ ఆహారం ముట్టదు. అడవిలో అంధురాలైన తల్లి ఒంటరిగా ఉన్నదని దాని వేదన. మేతకూ అలంకారానికీ అక్కడ కొరత లేదు. సంగతి తెలిసిన రాజు దానిని విడిచిపెడతాడు. అంగుత్తరనికాయంలోని వణిజ్జ సుత్తం ఉపాసకునికి ప్రాణుల వ్యాపారాన్నే నిషేధిస్తుంది.

అశోకుని సంగతి ఇంత సరళం కాదు. కర్నూలు సీమలోని ఎర్రగుడి శిలపైనున్న రెండవ శాసనం చోళ దేశంలోనూ మనుష్యులకు, పశువులకు చికిత్స ఏర్పరచినట్లు చెబుతుంది. ఐదవ స్తంభశాసనం చంపరాని జీవులను పేర్కొంటుంది. అందులోని ‘గంగాపుపుటకం’ గంగానది డాల్ఫిన్ కావచ్చునని కొందరు పండితుల అభిప్రాయం. నాగవనాలలోను, జాలరుల జలాశయాలలోను కొన్ని దినాలు వధ కూడదని కూడా అదే శాసనం విధించింది. ఏనుగును పట్టడం మాత్రం మానమనలేదు; గజబలం లేని మౌర్య సామ్రాజ్యాన్ని ఊహించలేము.

ఆధునిక భారతంలో ఆ రెండు మహాజీవుల దారులు వేరయ్యాయి. 1998లో చెన్నై సమీపాన, పుదుచ్చేరికి పోయే తీరమార్గం మీద, ‘డాల్ఫిన్ సిటీ’ వెలిసింది. బల్గేరియా నుంచి తెచ్చిన డాల్ఫిన్లు కొద్ది నెలలలోనే మరణించాయి. 2013 మే 17న కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ఒక ఉత్తర్వు వెలువరించి దేశంలో డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలకు తెలిపింది. వాటి ఉన్నత మేధస్సును, బంధంలో మనుగడ సాగించలేని స్వభావాన్ని కారణంగా చూపింది. ఈ రెండు లక్షణాలూ ఏనుగుకు వర్తించవని వాదించడం కష్టం. డాల్ఫిన్ మన ఆలయాలలో లేదు; ఏనుగు ఉన్నది. భేదం జంతువులో కంటే మన ఆచారంలోనే అధికం.

లక్ష్మి మరణించిన ఎనిమిది దినాలకు, 2022 డిసెంబరు 8న, వన్యప్రాణి సంరక్షణ సవరణ బిల్లు రాజ్యసభ ఆమోదం పొందింది. యాజమాన్య ధ్రువపత్రం గలవారు ఏనుగును మతపరమైన లేదా ఇతర ప్రయోజనానికి బదిలీ చేయవచ్చునన్న వెసులుబాటు అందులో ఉన్నది.