మధుమేహ పాద పరీక్ష

మధుమేహ పాద పరీక్ష అనగా మధుమేహం (చక్కెర వ్యాధి) ఉన్నవారి పాదాలలో స్పర్శజ్ఞానం, రక్తప్రసరణ, చర్మం, ఎముకల ఆకృతి ఏ విధంగా ఉన్నాయో వైద్యుడు గానీ శిక్షణ పొందిన నర్సు గానీ నిర్ణీత వ్యవధిలో పరిశీలించి నమోదు చేసే పద్ధతి. పుండు పడిన తరువాత చేసే చికిత్స వేరు. పుండు పడక మునుపే, ఏ బాధా లేని కాళ్ళకు చేసేది ఈ పరీక్ష. రెండవ రకం మధుమేహం ఉన్నవారికి వ్యాధి బయటపడిన నాడే ఒకసారి, ఆపైన ఏటా దీనిని చేయించాలి. మొదటి రకం వారికి ఐదేళ్ళు గడిచిన తరువాత ఏటా అవసరం. భారతదేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసింది.

ఆవశ్యకత

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి అధికంగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. ఈ నష్టం కాలివేళ్ళ కొసల నుండి మొదలై పైకి ప్రాకుతుంది. కొందరికి తిమ్మిర్లు, అరికాళ్ళ మంటలు కలుగుతాయి, మరికొందరికి ఏమీ తెలియదు. ఈ రెండవ వర్గం వారికే ప్రమాదం ఎక్కువ. చెప్పులో చేరిన చిన్న రాయి, దిగిన ముల్లు, కరచిన కొత్త చెప్పు వారికి తెలియవు. పుండు పడినా నొప్పి లేదు కనుక దానిమీదనే నడుస్తారు. రక్తనాళాలు కూడా సన్నబడి ఉంటే పుండు మానదు. క్రిములు చేరి ఎముక వరకు పోతే వ్రేలినో కాలినో తొలగించవలసి వస్తుంది.

నొప్పి లేకపోవడమే పుండుకు మూలమన్న సంగతి తేటతెల్లం కావడానికి కుష్ఠు వైద్యం తోడ్పడింది. తమిళనాడులోని కొల్లి కొండలలో 1914లో జన్మించిన డాక్టర్ పాల్ బ్రాండ్, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగుల చేతులను, పాదాలను పరిశీలించి, వారి గాయాలకు చాలావరకు కారణం స్పర్శ కోల్పోవడమేనని చూపారు. ఈ అవగాహన తరువాత మధుమేహ రోగుల పాద సంరక్షణకు కూడా ఉపకరించింది. 2005 ప్రపంచ మధుమేహ దినోత్సవానికి పాద సంరక్షణనే ప్రధానాంశంగా తీసుకున్నారు.

పరీక్షా విధానం

మొదట రెండు పాదాలను, వ్రేళ్ళ సందులను, మడమలను, చెప్పుల లోపలి భాగాన్ని చూస్తారు. పగుళ్ళు, ఆనెకాయలు, ఒరుసుకున్న గుర్తులు, వంకరపోయిన వ్రేళ్ళు గమనించదగినవి. ఆనెకాయ క్రింద పుండు దాగి ఉండవచ్చు.

స్పర్శను మోనోఫిలమెంట్ అనే నైలాన్ తీగతో పరీక్షిస్తారు. 10 గ్రాముల బలం పడగానే ఇది వంగుతుంది. ఎలా ఉంటుందో రోగికి ముందుగా చేతిమీద తాకించి చూపి, తరువాత కళ్ళు మూసుకోమని బొటనవ్రేలి అడుగున, మొదటి, ఐదవ వ్రేళ్ళ మొదళ్ళ క్రింద తాకిస్తారు. ఆనెకాయమీద తాకించరాదు. కంపన జ్ఞానానికి 128 హెర్ట్జ్ శ్రుతిదండం వాడతారు. ఏ పరికరమూ లేనిచోట రోగి కళ్ళు మూసుకొనగా రెండు పాదాల మొదటి, మూడవ, ఐదవ వ్రేళ్ళ కొసలను చూపుడువ్రేలితో ఒకటి రెండు సెకన్లు మృదువుగా తాకి చూడవచ్చు. ఆరింటిలో రెండు లేక అంతకు మించి తెలియకపోతే స్పర్శ తగ్గినట్లు భావిస్తారు. ఇది ఇంటివారు కూడా చేయగలిగినదే.

పాదం పైభాగంలోను, లోపలి చీలమండ వెనుక నాడి చూస్తారు. అనుమానముంటే చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తారు. 0.9 కన్న తక్కువ వస్తే రక్తప్రసరణ లోపం ఉన్నట్లు. రక్తనాళాలు గట్టిపడిన వారిలో ఈ సంఖ్య ఎక్కువగా వచ్చి మోసగించవచ్చు.

స్పర్శ, నాడి రెండూ సరిగా ఉంటే ఏడాదికొకసారి చాలు. ఒకటి లోపిస్తే ఆరు నెలల నుండి ఏడాది లోపల, లోపాలు రెండు కలిస్తే మూడు నుండి ఆరు నెలలకు, పూర్వం పుండు పడినవారు లేదా వ్రేలు తీసివేయబడినవారు ఒకటి నుండి మూడు నెలలకు చూపించుకోవాలి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం

ఈ మూడు పట్టణాలు పూర్వపు కరీంనగర్ జిల్లాలోనివి. 2016 నుండి జగిత్యాల, కోరుట్ల జగిత్యాల జిల్లాలోను, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నాయి. ఇక్కడి జీవనవిధానం పాదాలకు ప్రత్యేక పరీక్ష పెడుతుంది. సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు గంటల తరబడి నిలబడతారు. బీడీలు చుట్టే స్త్రీలు బాసింపట్టు వేసుకొని కూర్చుంటారు కనుక వెలుపలి చీలమండమీద ఒత్తిడి పడుతుంది. వారి అరికాళ్ళు మాత్రమే చూసి పంపితే పరీక్ష పూర్తి కానట్లే. వరి పొలాలలో రైతులు బురదలో వట్టి కాళ్ళతో దిగుతారు. పొగ త్రాగే అలవాటు రక్తనాళాలను మరింత కుదిస్తుంది.

వేములవాడ, కొండగట్టు, ధర్మపురి క్షేత్రాలు ఈ రెండు జిల్లాలలోనే ఉన్నాయి. హనుమాన్ దీక్ష వేసవిలో వస్తుంది. స్పర్శ లేని పాదాలతో కాలిన బండలమీద ప్రదక్షిణ చేస్తే బొబ్బలు లేచినా తెలియదు. దీక్షకు ముందు పాదాలు చూపించుకొనడం, ఎండ ఎక్కకమునుపే దర్శనం చేసుకొనడం భక్తికి లోటు కాదని ఇంటి పెద్దలు చెప్పవలసి ఉంటుంది. గల్ఫ్ దేశాలకు పిల్లలు వెళ్ళిపోయిన ఇళ్ళలో వృద్ధుల అరికాలు చూసేవారే ఉండరు. అటువంటివారు నేలమీద అద్దం పెట్టుకొని చూసుకోవచ్చు.

పాద వైద్యం చేసే ప్రత్యేక నిపుణులు మన దేశంలో అరుదు కాబట్టి చిన్న పట్టణాలలో ఈ పని సాధారణ వైద్యులది, శస్త్రవైద్యులది, నర్సులది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనాయి. మధుమేహానికి మందులు తీసుకొనే రోజున చెప్పులు విప్పి పాదాలు చూడమని రోగి తానే అడగడం మంచిది. చాలా చోట్ల అడగనిదే చూడరు.

చేయరానివి

ఆనెకాయలను బ్లేడుతో కోయడం, మందుల దుకాణంలో దొరికే ఆనెకాయ పట్టీలు అంటించడం ప్రమాదకరం. ఆ పట్టీలలోని ఆమ్లం మంచి చర్మాన్ని కూడా కాలుస్తుంది. తిమ్మిర్లకు వేడినీటి కాపడం పెట్టరాదు. ఇంట్లోనైనా వట్టి కాళ్ళతో తిరగరాదు.

ఆలస్యం చేయరాని లక్షణాలు

క్రొత్తగా పడిన పుండు, చీము, దుర్వాసన, నల్లబడిన వ్రేలు, పుండుతోపాటు జ్వరం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. గాయమేమీ లేకుండా ఒక పాదం మాత్రం వాచి, ఎర్రబడి, రెండవదానికన్న వేడిగా ఉంటే అది షార్కో పాదం అనే ఎముకల వ్యాధి కావచ్చు. నొప్పి అంతగా ఉండదు, ఎక్స్‌రేలో మొదట ఏ లోపమూ కనిపించకపోవచ్చు. నిర్ధారణ అయ్యేవరకు ఆ కాలిమీద బరువు మోపరాదు.