నౌపడ: ఉప్పు మళ్ళు, చిన్న పట్టాల రైలు

నౌపడ శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని ఊరు, హౌరా–చెన్నై రైలు మార్గంలో జంక్షన్. ఉత్తరాంధ్ర పారిశ్రామిక చరిత్ర అనగానే మాంగనీసు గనులు, గోగునార మిల్లులు గుర్తుకొస్తాయి. నౌపడలో పొగ గొట్టాలు లేవు, గని గోతులు లేవు. ఇక్కడి పరిశ్రమ నేల మీద పరుచుకుని ఉంటుంది. మట్టి గట్లు, నీటి కాలువలు, తెల్లటి ఉప్పు గుట్టలు, వాటి పక్కనుంచి కొండల వైపు మళ్ళే రైలు పట్టాలు. కట్టడాలు పెద్దగా లేవు కాబట్టి వారసత్వ సంపదల జాబితాలు రాసేవాళ్ళ కన్ను దీని మీద పడలేదు. పడి ఉండాల్సింది.

నౌపడ మొదట గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడడంతో అందులోకి వచ్చింది.

ఉప్పు తయారీ

సముద్రపు పోటుకు ఉప్పుటేటి గుండా ఎగదన్నే నీరు, పల్లపు నేల, జనవరి నుంచి జూన్ దాకా కాసే ఎండ. నౌపడ ఉప్పుకు పెట్టుబడి ఇదే. చూడ్డానికి తేలికగా కనిపించే ఈ పనిలో లెక్క చాలా ఉంది. సముద్రపు నీటి సాంద్రత బామే కొలత మీద 3 డిగ్రీల పైచిలుకు ఉంటుంది. ఆ నీటిని ఒక మడి నుంచి మరో మడికి మళ్ళిస్తూ ఎండబెడితే ముందు సున్నపు లవణాలు, తర్వాత జిప్సం అడుగుకు దిగుతాయి. 25 డిగ్రీలకు వచ్చేసరికి ఉప్పు గింజ కడుతుంది. 29 దాటితే మిగిలిన నీటిలో మెగ్నీషియం లవణాలు ఎక్కువై ఉప్పుకు చేదు పడుతుంది, ఆ నీటిని వదిలేయాల్సిందే. ఒక రోజు ఆలస్యమైతే సరుకు నాణ్యత పోతుంది.

గింజ కట్టే మడిని సిద్ధం చేయడమే అసలు కష్టం. తడి మట్టిని కాళ్ళతో తొక్కి తొక్కి, నీరు కిందికి ఇంకకుండా, పైన పాదం ముద్ర పడనంత గట్టిగా చేస్తారు. అడుగు మెత్తగా ఉంటే ఉప్పుతో పాటు మట్టీ పైకి లేస్తుంది. పొడవాటి కర్రకు అడ్డంగా బిగించిన చెక్క పలకతో ఉప్పును గట్టు దగ్గరికి లాగి, నీరు ఓడాక గంపలకెత్తి గుట్ట పోస్తారు. తొక్కేవాళ్ళ, మోసేవాళ్ళ పాదాలు ఉప్పు నీటికి పగులుతాయి. తెల్లగా మెరిసే గుట్టను ఫొటో తీసుకునేవాళ్ళు ఆ పాదాల్ని కూడా చూడాలి.

పన్ను, పోరాటం

మద్రాసు ప్రెసిడెన్సీలో 1805లో ఈస్టిండియా కుంపిణీ ప్రభుత్వం ఉప్పు అమ్మకాన్ని తన గుత్తకు తీసుకుంది. అప్పటినుంచి తీరం వెంట ఉప్పు కొఠార్లన్నీ సర్కారు కాపలాలోకి వెళ్ళాయి. ఇంటి ముందు నేల మీద పేరిన ఉప్పును గీకి తెచ్చుకున్నా నేరమే. ఇంకోపక్క ఇంగ్లండులోని చెషైర్ ఉప్పు లివర్‌పూల్ నుంచి ఓడలెక్కి వచ్చి బెంగాల్ బజారును నింపింది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో బారువకు చెందిన యువకుడు గౌతు లచ్చన్న ఉప్పు వండి అమ్మారు, నౌపడ ఉప్పు కొఠార్ల మీద దాడి కేసులో జైలుకు వెళ్ళారు. ఆయనే తర్వాత సర్దార్‌గా పేరుపొందిన రైతు నాయకుడు. ఉప్పు పన్ను 1947లో రద్దయింది.

పర్లాకిమిడి రైలు

హౌరా–మద్రాసు మార్గంలో ఈ భాగం 1890ల్లో తయారైంది. తన రాజధానిని దానితో కలపాలని పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి పూనుకున్నారు. 1898లో పని మొదలై, 1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి పర్లాకిమిడికి సుమారు 40 కిలోమీటర్ల దారి తెరుచుకుంది. ఖర్చు దాదాపు 7 లక్షల రూపాయలు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే, అంటే 762 మిల్లీమీటర్లు. మొదటి పదేళ్ళూ నష్టాలే. 1910 తర్వాత కాస్త కోలుకుంది, 1920ల నడుమ నుంచి లాభం పెరిగింది. ఆ ధైర్యంతో తర్వాతి రాజు కృష్ణచంద్ర గజపతి హయాంలో 1929లో, 1931లో రెండు విడతలుగా దారిని గుణుపూర్ దాకా పొడిగించారు. మొత్తం దాదాపు 90 కిలోమీటర్లు. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా సాగి వంశధార లోయలోకి వెళ్ళే ఈ దారి తీరాన్నీ కొండ ప్రాంతాన్నీ ఒక బజారుగా కలిపింది. 1936 తర్వాత అదే బండి రాష్ట్ర సరిహద్దు కూడా దాటేది. తెలుగు, ఒడియా, సవర మాటలు ఒకే పెట్టెలో వినిపించిన రైలు ఇది.

2002 సెప్టెంబరులో బ్రాడ్‌గేజ్ మార్పుకు శంకుస్థాపన జరిగింది. 2004 జూన్ 9న చిన్న బండి చివరిసారి నడిచింది. 2011లో పెద్ద రైలు గుణుపూర్ చేరింది. ప్రయాణికులకు అది కావలసిన మార్పే. అయినా పది కిలోమీటర్ల చిన్న పట్టా అయినా నిలిపి ఉంటే ఈ చరిత్రను పిల్లలకు కళ్ళతో చూపించగలిగేవాళ్ళం.

చుట్టుపక్కల

విజయనగరం వైపు కోడూరు గనులతో మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది. 1892లో తొలి దిగుబడి 674 టన్నులు. కోడూరైట్ అనే రాతికి ఆ ఊరి పేరే పెట్టారు. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులు ఇక్కడి గోగునారతో గోనెసంచులు నేశాయి. ప్రపంచ మార్కెట్లో ఆ నార పేరు ‘బిమ్లీ జూట్’, అంటే మన భీమునిపట్నం నార.

ఇక పాత ఉప్పు పరిశ్రమను కాపాడుకునే తీరు చూస్తే, ఇంగ్లండులోని మార్‌స్టన్‌లో 1986లో మూతపడిన లయన్ ఉప్పు కార్ఖానాను బాగుచేసి 2015లో మ్యూజియంగా తెరిచారు. అక్కడ పని ఆగిపోయాక జ్ఞాపకాన్ని దాచుకున్నారు. నౌపడలో పని ఇంకా నడుస్తోంది. దగ్గర్లోని తేలినీలాపురం చింత చెట్ల మీద గూళ్ళు కట్టే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు మేతకు ఈ ఉప్పు బీలకే వస్తాయి. నౌపడ ఉన్న మండలంలోనే మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే తాకింది. తుపాను రాకపోయినా వానాకాలం ఏటా మడులను ముంచుతుంది. ముందే గుట్టలకు తాటాకులు కప్పి, మడులను వానకు వదిలేస్తారు. నీరు తీశాక గట్లు మళ్ళీ ఎత్తి, అడుగు మళ్ళీ మొదటినుంచి తొక్కుతారు.