ఇంక్‌జెట్‌లో నలుపు-తెలుపు: రంపంతో మొదలైన కథ

తాతయ్య పాత ఫోటో ఒకటి స్కాన్ చేసి ఇంట్లో కలర్ ప్రింటర్ మీద ఎప్పుడైనా తీశారా? ట్యూబ్‌లైటు కింద మొహం ఆకుపచ్చగా, కిటికీ దగ్గరకి తీసుకెళ్తే కాస్త గులాబీగా... పాపం ఆయన బతికుండగా అన్ని రంగులు మార్చి ఉండరు :) లక్షల రంగులు వేసే మెషీనుకి ఒక్క బూడిదరంగు చేతకాకపోవడమేంటి?

చిక్కు ఎక్కడుందంటే, మామూలు ప్రింటర్లో నలుపు ఇంకు ఒకటే ఉంటుంది. లేత బూడిద కావాలంటే ఆ నల్లచుక్కల్నే దూరం దూరంగా వెయ్యాలి. అప్పుడు బుగ్గల మీద మిరియాలపొడి చల్లినట్టుంటుంది. లేదా సయాన్, మెజెంటా, పసుపు కలిపి ఇది బూడిదే అని కంటిని నమ్మించాలి. వెలుతురు మారిందా, గుట్టు రట్టు. డ్రైవర్లు రాసినవాళ్ళు ఎక్కువగా ఈ రెండోదాని మీదే ఆధారపడ్డారు. వాళ్ళ టెస్ట్ కేసులన్నీ బర్త్‌డే కేకులూ పువ్వులే అయ్యుంటాయని నా అనుమానం.

దీన్ని ముందు బాగుచేసింది కంపెనీలు కాదు, కంపెనీ మాట వినని వాడకందార్లు. అందుకే ఈ చరిత్ర నాకు ఇష్టం.

గ్రాహం నాష్ అని ఒక గాయకుడు (క్రాస్బీ, స్టిల్స్ అండ్ నాష్ బృందంలో నాష్ ఈయనే). ఫోటోల పిచ్చి కూడా ఉంది. ఆ రోజుల్లో ఐరిస్ 3047 అనే ఇంక్‌జెట్ ఉండేది. ప్రెస్సుల్లో అసలు అచ్చుకి ముందు నమూనా చూసుకోడానికి చేసింది, ఖరీదు 1,26,000 డాలర్లు. నాష్, ఆయన మిత్రుడు మాక్ హోల్‌బర్ట్ కలిసి 1991లో కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో నాష్ ఎడిషన్స్ అని స్టూడియో పెట్టి దాన్ని వాడారు. వాళ్ళకి కావల్సింది వాటర్‌కలర్ వేసే మందపాటి కాగితం. అది లోపల పట్టదు. రంపం తీసుకుని మెషీన్ని కోసేశారు! వారంటీ గోవిందా. నేనేమో ఎనిమిదివేల ప్రింటర్లో వేరే ఇంకు పొయ్యడానికే పదిసార్లు ఆలోచిస్తాను.

కాకపోతే ఐరిస్‌ది డై ఇంకు. గోడకి తగిలిస్తే కొన్నేళ్ళకే వెలిసిపోయేది.

అసలు మలుపు వెర్మాంట్‌లో ఉండే జాన్ కోన్ తెచ్చాడు. 2000లో పియజోగ్రఫీ అని మొదలుపెట్టాడు. మామూలు ఎప్సన్ ప్రింటర్లోంచి రంగులు పీకేసి, వాటి స్థానంలో నలుపునే రకరకాల చిక్కదనాల్లో నింపాడు. ప్రింటరుకి ఆ సంగతి తెలీదు, సయాన్ వదులుతున్నాననుకుంటూ లేతనలుపు వదుల్తుంది. ఇంటర్‌ఫేస్ అదే, ఇంప్లిమెంటేషన్ మారింది. చుక్కలు దగ్గరదగ్గరగా పడతాయి కాబట్టి మిరియాలపొడి లేదు, రంగుల కలుపు తగ్గింది కాబట్టి ఆకుపచ్చ మొహాల బాధా తగ్గింది.

అన్నట్టు ఆ నలుపు కార్బన్, అంటే పొగచూరిన మసి. మనవాళ్ళు తాటాకు మీద గంటంతో గీసి రుద్దిన మసీ అదే జాతి. వెలుతురికి చెక్కుచెదరదు.

తర్వాత రాయ్ హారింగ్టన్ క్వాడ్‌టోన్ రిప్ అనే 50 డాలర్ల షేర్‌వేర్ రాశాడు. ఏ నాజిల్ ఎంత ఇంకు వదలాలో మనమే చెప్పుకోవచ్చు. ఎప్సన్ సొంత డ్రైవర్ ఆ తాళంచెవి మనకివ్వదు మరి. కార్ట్రిడ్జ్‌లకి చిప్పులు పెట్టి బయటి ఇంకుని అడ్డుకునే కంపెనీ దగ్గర అంతకంటే ఏం ఆశిస్తాం!

ఆ కంపెనీలూ నెమ్మదిగా కదిలాయి. 2002లో ఎప్సన్ 2200లో ఒక లేతనలుపు చేరింది. 2003లో హెచ్‌పీ 7960కి బూడిదరంగులకే ఒక కార్ట్రిడ్జ్ ఇచ్చారు. 2005లో ఎప్సన్ ఆర్2400 మూడు నలుపులతో, బ్లాక్ అండ్ వైట్‌కి ప్రత్యేకమైన మోడ్‌తో వచ్చింది. అందులో రంగు ఇంకులు చిటికెడే పడతాయి. మొండివాళ్ళు దారి వెయ్యకపోతే ఈ మోడ్ ఇంత త్వరగా వచ్చేది కాదని నా నమ్మకం.

ఆ 2005 జూన్‌లోనే కోడాక్ బ్లాక్ అండ్ వైట్ ఫోటో కాగితం తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇల్‌ఫోర్డ్ అంతకుముందు ఏడాదే దివాలా అంచుదాకా వెళ్ళింది (తర్వాత నిలదొక్కుకుంది, కాగితం ఇంకా చేస్తోంది). డార్క్‌రూమ్‌ని నమ్ముకున్నవాళ్ళు బెంబేలెత్తిన సమయం అది. అప్పటికి ఇంట్లో బల్లమీదే మంచి ప్రింటు తీసుకునే దారి తయారుగా ఉంది.

నాష్ తన పాత ఐరిస్‌ని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చేసింది కూడా ఆ ఏడాదే.