నేలమాళిగలో ఎగిరిన విమానము



నేలను విడిచి జానెడైనను పైకి లేవక, నిలిచినచోటనే నిలిచి, అయిదు లక్షలమందికి పైగా వైమానికులకు విద్య గఱపిన యొక వింత విమానము కలదు. దాని చరిత్రమును నేడు మీకు విన్నవింపదలచితిని. ముప్పదియేండ్లు పిల్లలకు వ్యాకరణమును పద్యమును బోధించి విరమించిన వానికి యంత్రములతో పొత్తేమియని మీరు శంకింపవచ్చును. ఆ పొత్తు మా పెరటి గొడ్లపాకలో కలిగినది.

నా మేనల్లుడు ఇంజనీరింగు చదువుచున్నవాడు. గడచిన వేసవి సెలవులలో మా యింటికి వచ్చి, పశువులు లేక పాడుపడియున్న పాకను తన కర్మాగారముగా జేసికొనెను. ఇనుపగొట్టములతో నొక చట్రము; దానిపై పాత కారునుండి తీసిన యాసనము; క్రింద, వాన కురియునపుడు లారీ యద్దములను తుడుచు మోటారులు రెండు; ఎదుట కంప్యూటరు తెర. తెరపై విమానము ముక్కు పైకెత్తినచో ఆసనము వెనుకకు వాలవలెను. అది ప్రక్కకు ఒరిగినచో ఆసనమును ఒరుగవలెను. ఇదియే వాని సంకల్పము. కాని మీట నొక్కినంతనే ఆసనము పూనకము వచ్చినట్లు వడవడ వణకజొచ్చెను. మూడుదినములు వాడు తీగలు విప్పుటయు గట్టుటయుగా నుండెను. తుదకు దోషము మిక్కిలి చిన్నదిగా దేలినది. ఆసనమెంత వాలెనో మోటారునకు దెలుపవలసిన చిన్న పరికరమొకటి యిరుసుపై వదులై యుండెను. ఆసనము చేరవలసినచోటికి చేరినను ఆ వార్త ఆలస్యముగా నందుటచే మోటారు దానిని దాటించును, దాటినదని తెలిసి వెనుకకు మరల్చును, మరల దాటించును. మర బిగించినంతనే వణకు నిలిచెను.

“ఇంత చదువు చదివి ఈ ఉయ్యాలకుర్చీ ఏమిటిరా?” అంటిని.

వాడు నొచ్చుకొనక, “మామయ్యా, ఇందులో ఎన్నిసార్లు పడినా ఎవరికీ దెబ్బ తగలదు గదండీ” అనెను.

ఆ మాట నా మనస్సున నాటుకొనెను. ఇట్టి యంత్రమును మొదట జేసినవారెవరని గ్రంథములలో నరసితిని. తెలిసినది మీకు జెప్పెదను.

విమానము పుట్టిన కొలది యేండ్లకే, 1910 ప్రాంతమున, ఫ్రాన్సు దేశమునందు ఆంత్వానెత్ అను విమానమును నడుపుట నేర్పుటకొక సాధనము జేసిరి. సగముగా గోసిన పీపాలు రెంటిని ఒకదానిపై నొకటి నిలిపి, పైదానియందు శిష్యుని గూర్చుండబెట్టి, సహాయకులు దానిని చేతులతో అటునిటు వంచుచుండగా, వాడు చక్రములు త్రిప్పి సరిదిద్దుకొనవలెను. ఉపాయము మంచిదే; కాని కదిలించువారు మనుష్యులు. శిష్యుడు చేసిన పనికి తగిన ఫలమును యంత్రమే యియ్యవలెనన్నచో మఱియొకడు పుట్టవలసి యుండెను.

అతడే ఎడ్విన్ లింకు. 1904లో అమెరికా దేశమునందలి ఇండియానా రాష్ట్రమున జన్మించెను. అతని తండ్రికి న్యూయార్కు రాష్ట్రమునందలి బింగ్‌హాంటన్ పట్టణమున, తమంత తాము మ్రోగు పియానోలను, సినిమాశాలల కొఱకు ఆర్గనులను తయారుచేయు కర్మాగార ముండెను. 1920లో లింకు 50 డాలరులు చెల్లించి తొలి విమానపాఠమునకు బోయెను. గురువు ఆకాశమున పల్టీలు కొట్టించి దింపెనేగాని, శిష్యుని జేతికి కఱ్ఱను ముట్టనీయలేదు. గురువుదైనను దోషమేమి? ముట్టనిచ్చినచో ఇరువురును జచ్చియుందురేమో! విద్య నేర్వవలెనన్న చేయి పెట్టవలెను. చేయి పెట్టినచో ప్రాణమునకు మోసము. ఈ చిక్కును విప్పుటయే లింకు పనియైనది.

అతని తండ్రి కర్మాగారమున నున్నవి తిత్తులు. మనకు తిత్తి క్రొత్తగాదు. కమ్మరి కొలిమి నూదునదియు తిత్తియే. నాటకములో పద్యమునకు శ్రుతి పట్టు హార్మోనియము వెనుక నాడునదియు తిత్తియే. హార్మోనియమున తిత్తి గాలిని ద్రోయును. తనంత తాను మ్రోగు పియానోలో ఇందుకు విపర్యయముగా, పంపు గాలిని పీల్చును. చిల్లులుగల కాగితపుచుట్ట తిరుగుచుండగా, చిల్లు వచ్చినపుడు దానికి సంబంధించిన చిన్నతిత్తి ముడుచుకొని స్వరమును బలికించును.

లింకు ఈ సూత్రమునే గైకొని ఏడాదిన్నరకాలము కర్మాగారపు నేలమాళిగలో శ్రమించెను. పొట్టిరెక్కలుగల చిన్న విమానపు తొట్టెను ఎటైనను వంగగల కీలుపై నిలిపి, క్రింద తిత్తులు అమర్చెను. విద్యుత్తుతో నడచు పంపు వానినుండి గాలిని పీల్చును. లోపలివాడు చేతికఱ్ఱను వెనుకకు లాగినచో కవాటములు మారి, వెనుకతిత్తి ముడుచుకొనును, ముందుతిత్తి విచ్చుకొనును, తొట్టె ముక్కు పైకి లేచును. కఱ్ఱను ప్రక్కకు వంచినచో తొట్టె ప్రక్కకు ఒరుగును. కాలితో ద్రొక్కినచో మొగము మరల్చును. గాలి యలజడికి విమానము తూలినట్లు నడుమనడుమ గుదుపుటకు వేఱొక మోటారును జేర్చెను.

యంత్రము కదలినంతమాత్రమున పని ముగియలేదు. ఆ కదలిక నిజమైన విమానపు కదలికవలె తోపవలెను. లింకు విమానము నడుప నేర్చినవాడు గనుక తన శరీరమునే కొలబద్దగా జేసికొని, దిద్ది చూచి, చూచి దిద్ది, సరియని తోచువఱకు సవరించెను. మా పాకలో మూడుదినములు నడచిన పాటు ఆ నేలమాళిగలో ఏడాదిన్నర నడచినదన్నమాట.

1929లో పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. 1931లో అది లభించెను. కాని విమానశిక్షకులు దానిని బొమ్మయని యుపేక్షించిరి. తొలుత కొన్నవారిలో పెక్కురు వినోదశాలలవారు. జనులు డబ్బు వేసి కొంతసేపు ఊగి దిగిపోయెడివారు. మాటాడు చలనచిత్రములు వచ్చుటచే ఆర్గనుల గిరాకియు దగ్గెను, ఆర్థికసంక్షోభమును వచ్చిపడెను. అయినను లింకు మానలేదు. 1930లో తానే పాఠశాల తెఱచి, 85 డాలరులకు విమానము నడుపుట నేర్పెదనని ప్రకటించెను. తొట్టెపై మూత వేసి, లోపల నిజమైన విమానమునందలి పరికరములను బోలినవానిని అమర్చెను.

ఆ మూతలోనే అసలు విషయమున్నది. పిల్లవాని కండ్లకు గంతలు గట్టి గిరగిర త్రిప్పి యాపినచో, వానికి ఎదురుదిశగా తిరుగుచున్నట్లు తోచును. చెవిలోపల సన్నని గొట్టములలో నున్న ద్రవము చెప్పు వార్త యది. తిరుగుట ఒకేతీరుగా సాగినచో కొంతసేపటికి ఆ వార్తయే నిలిచిపోవును. మబ్బున జొచ్చిన చోదకునకు దిగంతము కనబడదు. విమానము ఒరిగి సుడి తిరుగుచున్నను, తిన్నగా బోవుచున్నావని శరీరము చెప్పును. దానిని నమ్మినవాడు నేల గూలును. కావున తన యొడలిని గాక ఎదుటి పరికరపు ముల్లును నమ్ముట అభ్యసింపవలెను. ఈ విద్యను ఆకాశముననే మొదలిడినచో తొలితప్పే తుదితప్పు కావచ్చును.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వము విమానములలో తపాలాను మోయు పనిని వ్యాపారసంస్థలనుండి తీసి సైన్యమున కప్పగించెను. శీతకాలము, మంచు, రాత్రి ప్రయాణములు. పరికరములను జూచి నడుపు నభ్యాసము సైనికచోదకులలో పెక్కురకు చాలదు. ఆ యేర్పాటు ముగియులోపల పలువురు మరణించిరి. ఆ దినములలోనే సైన్యాధికారులు లింకును న్యూఆర్కు విమానాశ్రయమునకు రమ్మనిరి. ఆనాడు దట్టముగా మంచు గ్రమ్మెను. ఇట్టి వాతావరణమున నెవడును రాడని వారు లేచిపోనున్న సమయమున, ఆ మంచులోనుండి లింకు విమానము వచ్చి దిగెను. పిమ్మట వాదముతో నవసరము లేకపోయెను. ఒక్కొక్కటి 3,500 డాలరుల చొప్పున ఆరు యంత్రములను సైన్యము కొనెను. రెండవ ప్రపంచయుద్ధము ముగియులోపల దాదాపు 10,000 యంత్రములు తయారై, అయిదు లక్షలమందికి పైగా వైమానికులకు శిక్షణ నిచ్చినవి.

బడిపంతులునగుటచే నాకు మిక్కిలి నచ్చిన యంశము వేఱొకటి. శిక్షకుని బల్లపై చక్రములుగల చిన్నపరికరము, శిష్యుడు నడపిన దారిని పటముపై గీత గీయుచుండెడిది. మూత దెఱచుకొని వచ్చిన శిష్యుడు, తాను బోవుచున్నాననుకొన్న దారిని, నిజముగా బోయిన దారిని ప్రక్కప్రక్కన జూచుకొనవచ్చును. తిట్టుట యక్కఱలేదు, గీతయే చెప్పును.

తరువాతి కాలమున తిత్తులు పోయి, నూనె యొత్తిడితోను విద్యుత్తుతోను సాగుచు ముడుచుకొను ఆరు కాళ్ళపై యంత్రమును నిలిపిరి. 1950 దశకమున ఇంగ్లండులో గఫ్ అను ఇంజనీరు వాహనపు టైర్లను పరీక్షించుటకై అట్టి యమరిక జేసెను. 1965లో స్టూవర్టు అను నతడు విమానశిక్షణకు దగినదానిని గూర్చి ప్రకటించెను. నేడు ప్రయాణికుల విమానములు నడపువారు అట్టి ఆరు కాళ్ళ యంత్రములలో శిక్షణ పొందుచున్నారు. మా పాకలోనిది రెండు కదలికలదే. కాని వంశ మొకటే.

మనకును ఈ ధర్మము తెలియనిది గాదు. మా చిన్ననాట దిగుడుబావిలో ఈత నేర్పు పెద్దలు ఎండిన ఆనపకాయబుఱ్ఱను నడుమునకు గట్టి దింపెడివారు. గరిడీలో సాము నేర్చువాడు తొలుత కఱ్ఱకత్తినే పట్టును. తెలిసియు నేను మఱచితిని. ఒకమారు నా తరగతిలో నొక బాలుడు పద్యము చదువుచు అక్షరము తప్పగా, పదిమంది యెదుట వానిని పరిహసించితిని. ఆ యేడు వాడు మరల నా తరగతిలో నోరు విప్పలేదు. తప్పును దిద్దుకొనుటకు మాఱుగా వాడు నా వలన మౌనమును నేర్చెను. ఆ బాలుని పేరు నేటికిని నాకు జ్ఞప్తి యున్నది.

పెద్దలారా! మీ పెరటిలో నే కుఱ్ఱవాడైనను తీగలు ముడివేసికొని కూర్చున్నచో, ఆ పాకను వానికి వదలుడు.

మొన్న మేనల్లుడు నన్నా యాసనమున గూర్చుండబెట్టెను. మూడుమార్లు విమానమును పొలములో గూల్చితిని. నాలుగవమారు ఎట్లో దింపితిని. పిదప లేచి, కాళ్ళు కడుగుకొని, ఇంటిలోనికి బోయి భోజనము చేసితిని.

సెలవు.